దొర ఒంటిమీద గడ్డ

"ఇంకా ఆలోచించడానికి ఏముందే? బట్టలు సర్దేశాం. సాయంత్రం రైలు. అక్కడ నీ ఉద్యోగం మాట్లాడి పెట్టాను. నీ గదికి కొత్త టైల్స్ కూడా వేయించాను," అన్నాడు అన్నయ్య, తలుపు పక్కన నిలబెట్టిన సూట్‌కేసుల్ని సాక్ష్యానికి పిలిచినట్టు చూపిస్తూ.

ఆమె తలెత్తలేదు. నేలమీద మఠం వేసుకుని కూచుని కుక్క వీపు దువ్వుతోంది. దువ్విన చోటే మళ్ళీ దువ్వుతోంది.

అన్నయ్యకి టైల్స్ షాపు. ఎవరింటికెళ్ళినా ముందు గచ్చు చూసి, ఆ తర్వాతే మనిషి మొహం చూస్తాడు. నిన్న దిగిన దగ్గర్నుంచీ ఈ ఇంటి గచ్చు చూసి మూడుసార్లు నిట్టూర్చాడు.

"మీరైనా చెప్పండి మావయ్యగారూ. బావ పోయి రెండేళ్ళు దాటింది. చిన్న వయసు. ఎన్నాళ్ళని మీకు టీలు కాచిపెడుతూ, రోజంతా ఎవరెవరివో నడుములు నొక్కుతూ ఉంటుంది?"

"నడుములు నొక్కడం కాదు. ఫిజియోథెరపీ," అంది ఆమె.

"ఏదైతేనేం. నొక్కడమేగా."

కిటికీ దగ్గర కుర్చీలో మామగారు పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. పొద్దుటినుంచీ అదే పేజీ. ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళూ అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన మనిషాయన. ఊళ్ళో వాళ్ళందరి వాక్యాల్లో తప్పులు పట్టుకున్నారు గానీ, తన నోట ఒక వాక్యం మొదలుపెట్టి పూర్తి చెయ్యడం ఇంట్లోవాళ్ళు ఎప్పుడోగాని విన్నది లేదు. వీధిలో అందరికీ ఆయన ప్రూఫుగారే.

ఇప్పుడాయన పేపరు వెనకనించి అన్నారు: "కాస్త ముందే బయల్దేరండి. సాయంత్రం పూట రోడ్లు ఖాళీ ఉండవు."

అంతే.

ఆమె చేతిలో దువ్వెన ఆగింది. ఉండమ్మా, అంటారని కాదు. అనరని తెలుసు. కానీ రోడ్ల సంగతి ఒక్కటే చెప్పడానికి ఉంటుందని మాత్రం అనుకోలేదు.

దొర తల వాల్చి ఆమె మోకాలిమీద గడ్డం ఆనించాడు. పెళ్ళికి ముందెప్పుడో ఆమె భర్త కోటు జేబులో పెట్టుకుని తెచ్చిన కుక్కపిల్ల. పళ్ళెం కాస్త వంకరగా పెట్టినా ముట్టుకునేవాడు కాదట. 'ఏమిట్రా ఈ దొరతనం' అని భర్త విసుక్కుంటే అదే పేరైపోయింది. ఇప్పుడు మూతి తెల్లబడింది. మెట్లెక్కేటప్పుడు రెండేసి మెట్లకి ఒకసారి ఆగి, ఎవరైనా చూస్తున్నారేమోనని చుట్టూ చూసి, చూడకపోతే కూచుంటాడు.

వాడు ఇక్కడే ఉండిపోవాలి. వదినకి కుక్క బొచ్చంటే తుమ్ములు. ఆ ముక్క అన్నయ్య నిన్ననే చెప్పేశాడు.

ఆమె దువ్వెన పక్కన పెట్టి, చిక్కు విడదీయడానికి వాడి ముందుకాలు పైకెత్తి కిందకి చెయ్యి పోనిచ్చింది. అక్కడ తగిలింది.

కండ పట్టేసి కట్టిన ముడికీ, కొవ్వు ముద్దకీ, ఎముకకీ తేడా ఆమె వేళ్ళకి కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది. ఇది ఆ మూడింటిలో ఏదీ కాదు. నిమ్మకాయంత ఉంది. గట్టిగా ఉంది. బొటనవేలితో తోస్తే కదలలేదు. దొర చిన్నగా మూలిగి ఆమె చేతిని నాకాడు, తప్పు తనదేనన్నట్టు.

"...టాక్సీవాణ్ణి నాలుగింటికి రమ్మన్నాను," అంటున్నాడు అన్నయ్య.

"నేనివాళ రాను."

"మళ్ళీ మొదలెట్టావా?"

"దొరకి చంకలో గడ్డ ఉంది."

కిటికీ దగ్గర పేపరు చప్పుడు ఆగింది. ఆమె అటు చూసింది. పేపరు దిగలేదు. ఎక్కడమ్మా, ఎంతుంది, ఏదీ చూద్దాం... ఒక్క మాట రాలేదు. కన్నకొడుకు పెంచిన కుక్క! గుండె రాయి చేసుకోవడం అంటే విన్నది గానీ, ఎదురుగా కుర్చీలో కూచుని ఉండగా చూడటం ఇదే మొదలు.

"కుక్క కోసం రైలు మానుకుంటావా?" అన్నాడు అన్నయ్య.

"మనుషులెవరూ ఉండమనలేదుగా అన్నయ్యా. వీడికోసమైనా ఉండనీ."

అన్నయ్య నోరు తెరిచాడు. మామగారి వంక చూసి మళ్ళీ మూసేశాడు. ఆ చూపు ఆమెకి వింతగా అనిపించింది గానీ అప్పుడు దాని వెంట పడే ఓపిక లేకపోయింది. గొలుసు తీసుకుని లేచింది.

వీధి మలుపు తిరిగేసరికి వెనక చెప్పుల చప్పుడు. మామగారు. చొక్కా గుండీ ఒకటి వదిలేసి ఒకటి పెట్టుకున్నారు. పలకరించలేదు, పక్కకి రాలేదు. నాలుగడుగులు వెనకే నడిచారు, ముగ్గురూ ఒకే చోటికి వెళ్తున్న సంగతి ఎవరికీ తెలియనట్టు.

* * *

పశువుల డాక్టరమ్మ కళ్ళజోడు నెత్తిమీదికి తోసుకుని, దొరని బల్లమీద పడుకోబెట్టి, చాలాసేపు తడిమింది. సూది గుచ్చి కాస్త తీసింది. లోపలికెళ్ళి మైక్రోస్కోపులో చూసొచ్చింది. గుండెమీద గొట్టం పెట్టి ఒకసారి విని, మళ్ళీ విన్నది.

"ఎన్నాళ్ళ నుంచీ ఉంది?"

"ఇవాళే చూశానండీ," అంది ఆమె. "నాలుగు రోజులకోసారి దువ్వుతాను. చంకలోకి చెయ్యి పెట్టలేదు. నాదే బుద్ధిలేనితనం..."

"ఎండలు ముదరకముందు నుంచీ ఉంది."

ఆ మాట గోడ దగ్గరనించి వచ్చింది. ఆమె తల తిప్పింది.

మామగారు డాక్టరమ్మకే చెబుతున్నారు, ఆమె అక్కడ లేనట్టు. "అప్పుడు బఠాణీ గింజంత. వానలొచ్చేసరికి రేగుకాయంత. మొదట్లో కదిలేది. ఈమధ్యే కదలడం మానేసింది."

గదిలో ఏదో యంత్రం గుర్రుమంటోంది. ఆమెకి అదొక్కటే వినిపించింది కాసేపు.

"మంచి గడ్డ కాదు," అంది డాక్టరమ్మ. "తియ్యాలి. తియ్యకపోతే లోపలికి పాకుతుంది. తీద్దామంటే గుండె నీరసంగా ఉంది. ఈ వయసులో మత్తు తట్టుకుంటాడని నేను మాటివ్వలేను. మీరు ఊ అంటే రేపు పొద్దున్నే చేస్తాను. ఆలస్యం చేసేకొద్దీ కష్టం."

"వద్దు," అన్నారు మామగారు.

"మావయ్యా..."

"ఆపరేషన్ వద్దు." గొలుసు ఆయనే అందుకున్నారు. గొలుసు గలగలమంది.

* * *

బయట ఎండ ఇంకా ఉంది. దొర ఒక స్తంభం దగ్గర ఆగి తీరిగ్గా వాసన చూస్తున్నాడు. వాణ్ణి లాగడానికి ఇద్దరికీ మనసొప్పలేదు. అందుకని రోడ్డుమీదే నిలబడి పోట్లాడుకోవాల్సి వచ్చింది.

"ఎండలు ముదరకముందు నుంచీ," అంది ఆమె. "అంటే ఇన్ని నెలలు. రోజూ ఒకే బల్లమీద తిన్నాం. రోజూ సాయంత్రం నేనొచ్చి 'దొర ఎలా ఉన్నాడు మావయ్యా' అంటే 'బాగున్నాడు' అన్నారు."

ఆయన వంగి దొర మెడపట్టీ సర్దారు.

"అప్పుడే చెప్పుంటే చిటికెలో తీసేసేవాళ్ళు! బఠాణీ గింజంత అన్నారు కదా! దిద్దడం తెలిసిన మనిషి, కళ్ళెదుట ఉన్నదాన్ని చూస్తూ వదిలేస్తారా?"

"చెబితే నువ్వుండిపోతావు."

"ఏమన్నారు?"

ఆయన గొలుసు ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకున్నారు. "అప్పుడు నీకు మీ అన్నయ్య వాళ్ళ ఊళ్ళో ఉద్యోగం వచ్చేలా ఉంది. నాకు తెలుసు. ఫోన్లో మాట్లాడుతుంటే విన్నాను. ఈ సంగతి చెబితే మానుకుంటావు. మానుకుని వీడికి మందులు పోస్తూ కూచుంటావు. వీడి తర్వాత నాకు. అలా అవుతుంది."

"అయితే?"

"అవకూడదు." మొహం స్తంభం వైపు తిప్పుకున్నారు. "మీ అన్నయ్యకి ఫోన్ చేసింది నేనే. వచ్చి తీసుకెళ్ళమని."

ఆమెకి అన్నయ్య ఇందాక నోరు మూసుకోవడం, ఆ చూపు, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. చెంప ఛెళ్ళుమన్నట్టయింది.

"గెంటేశారన్నమాట."

"అమ్మాయ్..."

"ఇంకేమనాలి దాన్ని? మీరు దిద్దండి పోనీ. తప్పు మాటైతే కొట్టేసి సరైన మాట రాయండి."

పక్కనించి వెళ్తున్న ఒకావిడ నడక నెమ్మది చేసి చూసింది. మామగారు తలొంచుకుని దొరకే చెప్పినట్టు అన్నారు: "ఒక్కొక్కరే పోతుంటే చూడటానికి ఇంట్లో ఇంకో మనిషి దేనికి? నేనున్నాను, చాలు."

అప్పటికి దొర స్తంభం వదిలి కదిలాడు. ఆమె ఒక పక్కా, ఆయన ఒక పక్కా ఇంటిదారి పట్టారు. దొర మాత్రం ఇద్దరి మధ్యా హాయిగా నడిచాడు. వాడికి షికారు షికారే.

* * *

అన్నయ్య టికెట్లు మర్నాటి మధ్యాహ్నానికి మార్పించాడు. మొహం మాడ్చుకునే మార్పించాడు.

"ఆయన చెప్పొద్దన్నారే," అన్నాడు వంటింట్లో, ఆమె కప్పులు కడుగుతుంటే పక్కన నిలబడి. ఎప్పుడూ పెద్దగా మాట్లాడే మనిషి, గుసగుసగా. "నాకు మాత్రం సరదానా? ఫోన్ చేసి మొదట చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. లైను పోయిందనుకున్నాను. తర్వాత, 'అమ్మాయి నవ్వడం మానేసింది బాబూ, నాకు నవ్వించడం రాదు' అన్నారు. ఏమనమంటావు?"

ఆమె కడిగిన కప్పే మళ్ళీ కడిగింది.

"నువ్వు రావే. దొర సంగతి ఆయన చూసుకుంటారు. పెద్దాయన, ఆ మాత్రం చూసుకోలేరా?"

"ఆపరేషన్ వద్దన్నారు."

"మరి ఆయన భయం ఆయనది. బావకీ 'చిన్న ఆపరేషనే, నాలుగు రోజుల్లో ఇంటికి పంపించేస్తాం' అనేగా అన్నారు..."

"అన్నయ్యా."

"సరే. అనను."

మామగారి గది తలుపు దగ్గరగా వేసి ఉంది. తలుపు కింద సందులోంచి దొర తోక కొస కనిపిస్తోంది. ఎప్పుడూ ఆమె మంచం పక్కనే పడుకునేవాడు. ఇవాళ అక్కడికి వెళ్ళాడు. పిలిస్తే వస్తాడేమో. కానీ పిలిచి రాకపోతే?

పిలవలేదు. తన గదిలోకి వెళ్ళింది. సర్దేసిన గది. బట్టలు లేని అలమారా, దుప్పటి తీసేసిన మంచం. రెండేళ్ళుగా ఈ గదిలో ఒంటరితనం అంటే ఏమిటో తనకి తెలుసనుకుంది. పక్కగదిలో ఒక దగ్గు, మంచం పక్కన ఒక గురక ఉన్నంతసేపూ తెలియలేదన్నమాట.

* * *

తెల్లారి లేచేసరికి గుమ్మం పక్క మేకుకి గొలుసు లేదు. నీళ్ళగిన్నె బోర్లించి ఉంది.

అన్నయ్య సోఫాలో కూచుని బూట్లు తుడుచుకుంటున్నాడు. ఆమె మొహం చూడకుండానే అన్నాడు: "తీసుకెళ్ళారు. ఆపరేషన్‌కే. నిన్ను లేపొద్దన్నారు. నేరుగా రైలెక్కించెయ్యమన్నారు."

"నువ్వు సరేనన్నావా?"

"నేను ఏమంటే ఈ ఇంట్లో ఎవరు విన్నారు గనక?"

చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని వీధిలో పడింది. మొహం కూడా కడుక్కోలేదని దారిలో ఎవరో వింతగా చూస్తే గుర్తొచ్చింది.

డాక్టరమ్మ ఆసుపత్రి వరండాలో పొడుగాటి బెంచీ. ఆ చివర మామగారు. గొలుసు ఒళ్ళో పెట్టుకుని, చుట్టలు చుట్టి, విప్పి, మళ్ళీ చుడుతున్నారు. లోపలి తలుపు మూసి ఉంది.

ఆమె ఈ చివర కూచుంది. రొప్పు తగ్గేదాకా గోడకి ఆనుకుంది.

"నిన్న వద్దన్నారు," అంది చివరికి.

"నిన్న వద్దన్నాను."

"మరి?"

"నువ్వు రైలెక్కేలోపు ఏదో ఒకటి తేలిపోతే మేలు కదా. వెనక్కి తిరిగి చూసుకునే పని ఉండదు." గొలుసు చుట్టలు విడిపోయాయి. ఆయన ఏరుకున్నారు. "ఆరోజు కూడా ఇలాగే కూచున్నాం. డాక్టరు బయటికొస్తే నువ్వే లేచివెళ్ళావు. నేను లేవలేదు. ఏం చెప్పాడో నువ్వు ఒక్కదానివే విన్నావు. వచ్చి నాకు చెప్పావు. కన్నవాణ్ణి నేనుండగా నీ చేత విననిచ్చాను. ఈసారి నేనే వింటాను. అందుకే నిన్ను లేపొద్దన్నాను."

ఆమె ఆయన వైపు జరగాలనుకుంది. వాళ్ళిద్దరి మధ్యా బెంచీ మీద ఇద్దరు మనుషులు కూచునేంత చోటుంది. ఎన్నో నెలలుగా ఉంది. ఒక్కసారిగా దాటడం ఎలాగో తెలియలేదు.

"పొద్దున ఏమైనా తిన్నారా?" అంది.

"వాడికి పెట్టొద్దన్నారు. వాడి ముందు నేనెలా తింటాను?"

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వేలోపు అది మరేదో అయిపోయి కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది.

అప్పుడు తలుపు తెరుచుకుంది. ఇంకా తెరుచుకునే వేళ కాదది. డాక్టరమ్మ ముక్కుమీద గుడ్డ అలాగే ఉండగా బయటికి వచ్చింది. చేతులు దేనికీ తగలకుండా పైకి పట్టుకుంది.

"పక్కటెముకల సందుల్లోకి వెళ్ళిపోయిందండీ. పొద్దున తీసిన ఎక్స్‌రేలో అంత కనపడలేదు. మొత్తం తియ్యాలంటే ఇంకా చాలాసేపు పడుతుంది. గుండె కొట్టుకోవడం ఇప్పటికే తడబడుతోంది. ఇక్కడితో ఆపి కుట్టేస్తే మత్తులోంచి లేస్తాడు. కానీ గడ్డ ఉంటుంది. కొన్నాళ్ళే. ఏం చెయ్యమంటారు? త్వరగా చెప్పాలి."

మామగారు లేచి నిలబడ్డారు. నిజంగానే లేచారు. నోరు తెరిచారు. పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు. గొలుసు చేతిలోంచి జారి గచ్చుమీద పడింది.

ఆయన ఆమెకేసి చూశారు. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన ఇన్నేళ్ళలో ఆయన కళ్ళు తనని ఏదైనా అడగడం ఆమె చూడలేదు. ఎక్కడుండాలో అన్నయ్య చెప్పాడు, ఎప్పుడు వెళ్ళాలో ఈయన చెప్పారు. నీకేం కావాలని అడిగినవాళ్ళు లేరు. అడిగినది ఇప్పుడు. అడిగిన సంగతి ఇది.

"నేను లోపలికి రావచ్చా?" అంది ఆమె డాక్టరమ్మతో.

బల్లమీద దొర పక్కకి తిరిగి పడుకుని ఉన్నాడు. నాలుక బయటికి వేలాడుతోంది. గొరిగిన చోట చర్మం గులాబీరంగుగా, కుక్కపిల్ల పొట్టలా ఉంది. ఇంత చిన్నవాడా! బొచ్చంతా కలుపుకుని ఇన్నాళ్ళూ పెద్దవాడిలా కనిపించాడంతే. ఆమె చెవి వెనక వేళ్ళు పెట్టింది. వెచ్చగా ఉంది. వేళ్ళ కింద నాడి కొట్టుకుంటోంది. రెండు దెబ్బలు, ఒక తడబాటు. మళ్ళీ రెండు.

ఆమె చేతులకి తెలుసు, ఏ కండ ఎంత లాగితే ఓర్చుకుంటుందో, ఎక్కడ ఆపాలో. రోజూ చేసే పనే. ఇంకొంచెం, ఇంకొంచెం అని లాగితే నష్టపోయేది లాగినవాళ్ళు కాదు.

"కుట్టెయ్యండి డాక్టరుగారూ," అంది. "ఇంటికి తీసుకెళ్తాం."

డాక్టరమ్మ తలూపి దీపం సరిచేసుకుంది.

తీసుకెళ్తాం, అన్న మాట బయటికి వచ్చాక గానీ ఆమెకి వినపడలేదు. మధ్యాహ్నం రైలుంది. సూట్‌కేసులు తలుపు పక్కనే ఉన్నాయి. కొత్త టైల్స్ వేసిన గది ఎదురుచూస్తోంది. అయినా ఆ మాటని వెనక్కి తీసుకోలేదు.

వరండాలోకి వచ్చింది. బెంచీ ఖాళీగా ఉంది.

అటూ ఇటూ చూసింది. వరండా చివర, మెట్లు దిగి, గేటు దగ్గర, వీపు ఇటు పెట్టి నిలబడి ఉన్నారు మామగారు. ఈసారి నేనే వింటానన్న మనిషి, రెండు అరచేతులతోనూ రెండు చెవులూ గట్టిగా మూసుకుని నిలబడ్డారు. మోచేతులు రెండూ రెక్కల్లా బయటికి పొడుచుకొచ్చాయి. రోడ్డుమీద వెళ్ళేవాళ్ళు తప్పుకుని వెళ్తున్నారు.

"మావయ్యా," అని పిలిచింది. వినపడదని తెలిసీ పిలిచింది.

ఆమె మెట్లు దిగింది. ముందు ఆ చేతులు దింపాలి. వాటిని పట్టుకోవాలి. ఆ తర్వాత దొర గురించి చెప్పాలో, తన గురించి చెప్పాలో, ఏది చెబితే ఆయన మళ్ళీ చెవులు మూసుకోరో, ఆమెకింకా తెలియదు.